డెవలపర్ అకౌంట్ ఆపేస్తే అప్పీలు ఎంతవరకు పనిచేస్తుంది: కొన్నేళ్లు వాడాక నా అనుభవం

ఒక పెద్ద సోషల్ మీడియా ప్లాట్‌ఫాంలో నాకు కొన్నేళ్లుగా డెవలపర్ అకౌంట్ ఉంది. చిన్న వ్యాపారాల వాళ్లు పోస్టులు ముందే రాసిపెట్టుకుంటే, వాళ్లు చెప్పిన టైముకి పేజీలో పెట్టే టూల్ నాది. ఈలోగా అకౌంట్‌కి ఆంక్షలు రకరకాలుగా తగిలాయి, ప్రతిసారీ అప్పీలు పెట్టే బయటపడ్డాను. అందుకే ఏపీఐ (బయటి టూల్‌లు ప్లాట్‌ఫాంతో మాట్లాడే దారి) జోలికి పెద్దగా పోను. అది బాగానే ఉంది, డాక్యుమెంటేషన్ కూడా ఫర్వాలేదు. నేను రాసేది అప్పీలు గురించి. మీరేం చేశారో మీకు ముందే తెలుసు అన్న ధీమాతో కట్టిన వ్యవస్థ అది.

నోటీసు ఎప్పుడూ ఒకటే: 'మీ యాప్ మా విధానాలకు అనుగుణంగా లేదు.' ఏ నిబంధనో, ఎప్పుడు ఏం జరిగిందో ఉండదు. కింద ఒక చిన్న బాక్సు, ఒక ఫైలు జతచేసే చోటు, ఒక బటన్. దాన్ని చూడగానే ఎవరికైనా చేతికొచ్చే వాక్యం 'మేమే తప్పూ చేయలేదు, దయచేసి మళ్లీ పరిశీలించండి' అనే. దానికి జవాబు కూడా రెడీగా ఉంటుంది: పరిశీలించాం, నిర్ణయంలో మార్పు లేదు.

అసలు ఆగింది ఏమిటో తేల్చుకోవడం మొదటి పని. డాష్‌బోర్డ్‌లో అన్నీ ఎర్రగానే కనిపిస్తాయి గానీ వాటి మధ్య చాలా తేడా ఉంది. యాప్ ఒక్కటే ఆగితే సాధారణంగా అది డెవలప్‌మెంట్ మోడ్‌కి పోతుంది, టీమ్‌లో రోల్ ఉన్నవాళ్లకి తప్ప ఎవరికీ పనిచేయదు. డెవలపర్ అకౌంటే ఆగితే దాని కింద ఉన్న యాప్‌లన్నీ పోతాయి. అన్నిటికంటే చెడ్డది, మీ వ్యక్తిగత ప్రొఫైల్ లాక్ అవడం. డెవలపర్ అకౌంట్ దానికే కట్టి ఉంటుంది కాబట్టి లాగిన్ కాలేరు, లాగిన్ కాకపోతే అప్పీలు ఫారమే తెరుచుకోదు. ఈ డిజైన్ ఎవరు ఆలోచించారో నాకిప్పటికీ అర్థం కాదు. యాప్‌కి ఇంకో నమ్మకస్తుణ్ని అడ్మిన్‌గా పెట్టుకున్నవాళ్లకే ఇక్కడ దారి ఉంటుంది. ఆ పని ఆంక్ష రాకముందే చేయాలి, వచ్చాక కుదరదు.

నాకు తగిలిన వాటిలో బాగా తలనొప్పి పెట్టింది ప్రైవసీ పాలసీ లింకు. బ్రౌజర్లో తెరిస్తే పేజీ చక్కగా వస్తోంది. ఫోన్లో, వేరే నెట్‌వర్క్‌లో చూసినా వస్తోంది. అప్పీలు పెడితే అదే తిరస్కరణ. చివరికి సర్వర్ లాగ్‌లు, అంటే నా సైట్‌కి ఎవరొచ్చారో, వాళ్లకేం అందిందో రాసుండే చిట్టా, తిరగేస్తే విషయం బయటపడింది. ప్లాట్‌ఫాం తన బాట్‌ని (మనిషి లేకుండా పేజీలు తెరిచి చూసే ప్రోగ్రాం) పంపి ఆ లింకును చెక్ చేస్తోంది. హోస్టింగ్ కంపెనీ కొత్తగా ఆన్ చేసిన బాట్ రక్షణ దాన్ని ఆపి, 'మీరు మనిషేనా' అని అడుగుతోంది. బాట్‌కి అందింది 403, అంటే 'లోపలికి అనుమతి లేదు' అనే కోడ్. అంటే వాళ్ల లెక్కలో నా యాప్‌కి ప్రైవసీ పాలసీయే లేదు! ఆ ఒక్క పేజీకి మినహాయింపు ఇచ్చి, లాగ్‌లో ఇప్పుడు 200 (పేజీ సరిగ్గా అందిందనే కోడ్) వస్తున్న స్క్రీన్‌షాట్ జతచేసి అప్పీలు పెడితే త్వరగానే తెరిచారు. నోటీసులో 'మీ పాలసీ లింకు తెరుచుకోవడం లేదు' అని ఒక్క ముక్క ఉంటే ఈ తంతంతా ఉండేది కాదు.

అప్పట్నుంచి అప్పీలు రాసే పద్ధతి మార్చాను. అవతల చూసేవాళ్లకు నా నిజాయితీతో పనిలేదు. వాళ్ల ముందు ఒక చెక్‌లిస్టు ఉంటుందని అనుకుని రాస్తాను. యాప్ ఐడీ, యాప్ చేసే పని రెండు వాక్యాల్లో, అడిగిన ప్రతి పర్మిషన్ ఏ స్క్రీన్‌లో ఎందుకు వాడుతున్నానో, యూజర్ తన డేటా తీసేయమంటే ఏ లింకులో తీసేస్తానో, ఈసారి ఏం మార్చానో. దాంతోపాటు లాగిన్ నుంచి పోస్టు వెళ్లేదాకా చూపించే స్క్రీన్ రికార్డింగ్, పనిచేసే టెస్ట్ లాగిన్. టెస్ట్ లాగిన్‌కి ఓటీపీ నా ఫోన్‌కి వచ్చేలా పెడితే రివ్యూయర్ అక్కడే ఆగిపోతాడు. వాడని పర్మిషన్లు ముందే తీసేస్తాను. 'ముందుముందు అవసరం పడొచ్చు' అని ఉంచుకున్న ఒక్క పర్మిషన్ మీదే ప్రశ్నలన్నీ వస్తాయి. ఒకసారి పంపాక జవాబు వచ్చేదాకా రెండోది పంపను. పంపితే డూప్లికేట్ కింద మూసేస్తున్నారు.

ఎదురుచూసే రోజుల్లో టెన్షన్ అంతా యాప్ వైపే ఉంటుంది. ముందు టైము కోసం వరుసలో ఉన్న పోస్టుల క్యూ ఆపాలి. టోకెన్ (యూజర్ తరఫున పోస్టు పెట్టడానికి ప్లాట్‌ఫాం ఇచ్చే తాళంచెవి లాంటిది) చెల్లకపోయినా టూల్ తన పాటికి తను మళ్లీ మళ్లీ ప్రయత్నిస్తుంటే, అవతల అది దాడిలా కనిపిస్తుంది. అసలు ఆంక్షకి తోడు 429లు ('మరీ ఎక్కువసార్లు అడుగుతున్నారు' అనే కోడ్) కూడా పోగవుతాయి. వెబ్‌హుక్‌లు (ఏదైనా జరగ్గానే ప్లాట్‌ఫాం నా టూల్‌కి పంపే కబుర్లు) ఆగిన కాలంలో వచ్చిన సందేశాలు తర్వాత మళ్లీ వస్తాయని నమ్మకండి, నాకైతే రాలేదు. యూజర్లకు మాత్రం ఉన్నది ఉన్నట్టు చెప్పేయడమే మేలు. 'సాంకేతిక సమస్య' అని రాస్తే రెండో రోజుకే ఎవరూ నమ్మరు.

కొత్త అకౌంట్ తెరిచి అదే యాప్ మళ్లీ పెట్టమని సలహా ఇచ్చేవాళ్లుంటారు. చాలా ప్లాట్‌ఫాంల నిబంధనల్లో దాన్ని ఆంక్షను తప్పించుకోవడంగానే చూస్తారు, ఆ దెబ్బతో రెండూ పోతాయి. 'లోపల మనిషున్నాడు, ఇంతిస్తే తెరిపిస్తాం' అనేవాళ్లు ఇంకో రకం, అది మోసం. ఆంక్ష గురించి ఈమెయిల్ వస్తే అందులోని లింకు నొక్కకుండా నేరుగా డాష్‌బోర్డ్‌కి వెళ్లి చూడండి. గడువు ముంచుకొస్తోందని భయపెట్టే నకిలీ అప్పీలు మెయిళ్లు ఎక్కువే.

అప్పీలుతో తెగని కేసులూ ఉన్నాయి. 2023 జనవరి రెండో వారంలో ట్విట్టర్‌లో ట్వీట్లు చూడ్డానికి, రాయడానికి వాడే ట్వీట్‌బాట్, ట్విట్టరిఫిక్ లాంటి బయటి యాప్‌లు ఒక్కసారిగా ఆగిపోయాయి. ఆ యాప్‌లు చేసినవాళ్లకు మొదట కారణమే చెప్పలేదు. అదే నెల 19న డెవలపర్ ఒప్పందాన్ని మార్చి, ట్విట్టర్‌కి బదులుగా వాడుకునే యాప్‌లు కుదరవని రాశారు. అలాంటి చోట ఎంత బాగా రాసినా లాభం లేదు, అది వ్యాపార నిర్ణయం. మీ టూల్ చేసే పనినే ప్లాట్‌ఫాం సొంతంగా మొదలుపెట్టిందేమో, నిబంధనలు ఈమధ్య మారాయేమో ముందు చూసుకోండి.

యూరోపియన్ యూనియన్‌లో ఉన్నవాళ్లకు ఇంకాస్త పట్టు ఉంది. 2024 ఫిబ్రవరి 17 నుంచి పూర్తిగా అమలైన డిజిటల్ సర్వీసెస్ చట్టం ప్రకారం ఆంక్ష పెడితే కారణం రాతపూర్వకంగా, ఏ నిబంధన ప్రకారమో సహా చెప్పాలి. పెద్ద ప్లాట్‌ఫాంలు ఫిర్యాదుకి కనీసం ఆరు నెలలు అవకాశం ఇవ్వాలి, ఆ ఫిర్యాదును పూర్తిగా యంత్రానికే వదిలేయకూడదు. ఆ చట్టం వర్తించని చోట కూడా నేను అప్పీలులో 'ఏ నిబంధనో దయచేసి తెలపండి' అనే వాక్యం తప్పకుండా పెడతాను. ఎప్పుడో ఒకసారి పనిచేస్తుంది.

అకౌంట్ తిరిగొచ్చినా అన్నీ తిరిగి రావు. పెద్ద పర్మిషన్లకు మళ్లీ రివ్యూ పెట్టుకోవాల్సి వచ్చింది, యూజర్లందరూ మళ్లీ లాగిన్ కావాల్సి వచ్చింది. ప్లాట్‌ఫాం లాగిన్ బటన్‌తోనే నా టూల్‌లోకి వచ్చినవాళ్లకైతే వాళ్ల సొంత డ్రాఫ్టులు చూసుకునే దారి కూడా లేకుండా పోయింది. ఇప్పుడు అందరి దగ్గరా ఈమెయిల్ తీసుకుని విడిగా లాగిన్ ఇస్తున్నాను. ప్లాట్‌ఫాం మాత్రం వదల్లేదు, నా కస్టమర్ల పేజీలన్నీ అక్కడే ఉన్నాయి మరి. ఏపీఐకి అయిదులో నాలుగిస్తాను, అప్పీలుకి ఒకటిన్నర. ఆ అర కూడా లాగ్ స్క్రీన్‌షాట్ తెరిచి చూసిన ఆ రివ్యూయర్‌కి.