ఇంగ్లీషు మాటలు పెంచుకోవాలంటే: లిస్టు బట్టీనా, కార్డుల యాప్‌నా, చదవడమా?

ఇంగ్లీషు మాటలు పెంచుకోవాలనుకునేవాళ్లు మన దగ్గర చాలామంది మొదలుపెట్టేది జీఆర్ఈ (విదేశాల్లో పై చదువులకు రాసే పరీక్ష) మాటల లిస్టుతోనే. రోజువారీ మాటల్లో జీవం రావాలంటే మాత్రం ఆ లిస్టు పెద్దగా పనికిరాదని నా గట్టి నమ్మకం. 'గ్యారులస్' (వాగుడుకాయ), 'ఆబ్‌ఫస్కేట్' (తికమకపెట్టు) లాంటి పెద్ద మాటలు వందలకొద్దీ నోటికి వచ్చినవాళ్లు కూడా, కాళ్లీడ్చుకుంటూ ఇంటికొచ్చామని చెప్పాల్సివస్తే 'వాక్డ్ వెరీ స్లోలీ' దగ్గర ఆగిపోతారు. అక్కడ కావలసింది 'ట్రడ్జ్'. అలిగి మూతి ముడుచుకుంటే 'సల్క్', కుదురుగా కూర్చోలేకపోతే 'ఫిడ్జెట్', నోట్లో నోట్లో గొణిగితే 'మంబుల్'. ఇవి పెద్ద మాటలేం కావు కాబట్టే అలాంటి లిస్టుల్లో వీటికి చోటు తక్కువ.

జీఆర్ఈ రాసేవాళ్లకైనా ఉత్త బట్టీ చాలదు. 2011 ఆగస్టులో పరీక్ష మారినప్పుడు వ్యతిరేకపదాలు, అనాలజీల (ఒక మాటల జతకు సరిపోలే ఇంకో జతను పట్టుకునే) ప్రశ్నలు తీసేశారు. ఇప్పుడు వాక్యంలో ఏ మాట ఇముడుతుందో తెలియాలి. లిస్టు వాడక తప్పదనుకుంటే, ప్రతి మాటకీ ఒక వాక్యం ఇచ్చినదే తీసుకోండి.

కార్డుల యాప్, అంటే ముందు మాట, వెనక అర్థం ఉన్న కార్డులు చూపించి అడిగేది, ఇంతకంటే చాలా మేలు. నేర్చుకున్నది మొదటి గంటల్లోనే వేగంగా మరిచిపోతామని, తర్వాత ఆ వేగం తగ్గుతుందని జర్మన్ పరిశోధకుడు ఎబ్బింగ్‌హాస్ తనమీద తానే ప్రయోగాలు చేసుకుని 1885లో రాశాడు. అందుకే ఈ యాప్‌లు మనకు వచ్చిన మాటను చాలా రోజుల తర్వాత, రాని మాటను వెంటనే మళ్లీ అడుగుతాయి. 2006లో వచ్చిన అంకీ ఇలాంటిదే. ఆండ్రాయిడ్‌లో ఉచితం, ఐఫోన్‌లో డబ్బు కట్టాలి.

చిక్కల్లా ఎవరో తయారుచేసిన కార్డులతోనే. 'స్లిమ్', 'స్కిన్నీ' రెండింటి వెనకా 'సన్నని' అనే ఉంటుంది. మొదటిది మెచ్చుకోలు. రెండోది చాలాసార్లు బక్కచిక్కిపోయావన్నట్టు వినిపిస్తుంది. ఆఫీసులో తోటి ఉద్యోగిని పొగడబోయి రెండోది వాడితే ఆ మనిషి నొచ్చుకుంటారు.

ఈ తేడా పట్టించేది చదవడమే. కథలో ఆ మాట ఎవరు ఎవరితో, ఏ మూడ్‌లో అన్నారో కనిపిస్తుంది. పక్కన విదేశీ విద్యార్థుల కోసం చేసిన లెర్నర్స్ డిక్షనరీ ఉండాలి. 1978లో వచ్చిన లాంగ్‌మన్ డిక్షనరీ అర్థాలన్నిటినీ సుమారు 2,000 తేలిక మాటల్లోనే చెప్పింది. ఆక్స్‌ఫర్డ్ వారి దాంట్లో ఏది మెచ్చుకోలు మాటో, ఏది చిన్నచూపు మాటో కూడా రాసి ఉంటుంది. ఇంగ్లీషు-తెలుగు నిఘంటువుల్లో ఇది అరుదు.

పుస్తకం ఎంచుకునేటప్పుడు పేజీకి మూడు నాలుగు తెలియని మాటలుంటే సరే, పది దాటితే ఇంకా తేలికది చూసుకోండి. ప్రతి మాటకీ డిక్షనరీ తెరిస్తే కథ చచ్చిపోతుంది; రెండోసారి ఎదురైన మాటకే తెరవండి. చదవడంలో లోటు ఒక్కటే: ఇవాళ చూసిన మాట మళ్లీ ఎప్పుడు కనబడుతుందో చెప్పలేం.

అందుకే నా ఓటు చదవడానికే, యాప్ దానికి తోడుగా. కథలో నచ్చిన మాటను అదే వాక్యంతో సహా మీరే కార్డు చేసుకోండి. రోజుకి రెండు మూడు చాలు. ఒకదానికే టైమ్ ఉంటే యాప్ వదిలేయండి, పుస్తకం వదలకండి.