ఫ్రిస్కోనా ప్లేనోనా? రేటింగ్ ఒక్కటే చూసి ఇల్లు కొనేస్తే ఎలా

డాలస్ వస్తున్నాం, ఫ్రిస్కో ఐఎస్‌డీ (అంటే స్కూల్ డిస్ట్రిక్ట్) మంచిదా ప్లేనో ఐఎస్‌డీ మంచిదా అని అడిగేవాళ్ళు చాలావరకు రేటింగ్ చూసేసి ఫ్రిస్కో అని ఫిక్స్ అయ్యాకే అడుగుతారు. ఫ్రిస్కో స్కోర్లు ఎక్కువే, కాదనను. కానీ ఆ స్కోర్లు ఎవరి పిల్లలవో కూడా చూడాలి కదా, అక్కడ ఏషియన్ పిల్లలే అన్నిటికన్నా పెద్ద గ్రూపు, మనవాళ్ళు బోలెడు, అమ్మానాన్నా ఇద్దరూ ఐటీ, చిన్న క్లాసుల నుంచే మ్యాథ్ కోచింగ్. ప్లేనోలో మూడో వంతుకి పైగా పిల్లలు తక్కువ ఆదాయం ఇళ్ళ నుంచి వస్తారు, ఇంట్లో స్పానిష్ మాట్లాడేవాళ్ళూ ఎక్కువే, సగటు తగ్గదా మరి? మీవాడిని ఇంట్లో కూర్చోబెట్టి చదివించేది ఎక్కడున్నా మీరేగా.

ఇక ఇళ్ళు ఖరీదు, ట్యాక్స్ ఎక్కువ, కాబట్టి స్కూళ్ళకి డబ్బే డబ్బు అనుకుంటారు చూడండి, టెక్సాస్‌లో అంత సీన్ లేదు. ఏడాదికి ఒక్కో పిల్లాడికి తలకింత అని బేసిక్ అలాట్‌మెంట్ రాష్ట్రమే పెడుతుంది, 2019 నుంచి 6,160 డాలర్లు, 2025లో దానికి కలిపింది 55 డాలర్లు (టీచర్ల జీతాలకి విడిగా ఇచ్చారులెండి). అదీ రోజువారీ హాజరు లెక్కన, అందుకే స్కూల్ నడుస్తుండగా పిల్లల్ని నెల రోజులు ఇండియా తీసుకెళ్తామంటే అటెండెన్స్ ఆఫీసు నుంచి మెయిళ్ళ మీద మెయిళ్ళు. లెక్కకి మించి వచ్చిన ట్యాక్స్ రీక్యాప్చర్ కింద రాష్ట్రానికి పోతుంది, ప్లేనో ఒక్క ఏడాదిలోనే 100 మిలియన్ డాలర్లకి పైగా కట్టిన సందర్భాలున్నాయి.

పిల్లలు తగ్గడం రెండు చోట్లా ఉంది. 2025లో ప్లేనో నాలుగు స్కూళ్ళు మూసింది, ఫ్రిస్కో స్టేలీ మిడిల్ స్కూల్ మూసింది. 2024 నవంబర్‌లో ఫ్రిస్కో ట్యాక్స్ రేటు పెంచుతామని ఓటింగ్ పెడితే జనం కుదరదన్నారు.

నన్నడిగితే అసలు తేడా హైస్కూల్లో ఉంది. ఫ్రిస్కో కావాలనే చిన్నవి కట్టుకుంది, ఒక్కోటి 2,100 మంది లెక్కన మొత్తం 12, బెరుకుగా ఉండే పిల్లలకి, టీమ్‌లోనో బ్యాండ్‌లోనో చోటు కావాలనుకునేవాళ్ళకి అదే బెటర్. ప్లేనోలో 9, 10 ఒక క్యాంపస్, 11, 12 సీనియర్ హై అని ఇంకో పెద్ద క్యాంపస్, ఏటా ఒక్కోదాంట్లోంచి వెయ్యికి పైగా బయటికొస్తారు, వాటిల్లో ప్లేనో ఈస్ట్‌లో ఐబీ (ఇంటర్నేషనల్ బాకలారియేట్ కోర్సు) కూడా ఉంది, తన పని తాను చూసుకునే పిల్లకి మాత్రం నేను ప్లేనోనే అంటాను. యూటీ ఆస్టిన్ (ఆస్టిన్‌లోని టెక్సాస్ యూనివర్సిటీ) ఆటోమేటిక్ అడ్మిషన్ 2026 నుంచి టాప్ 5 శాతానికే, అది రాష్ట్రం ర్యాంకు కాదు, మీ స్కూల్ ర్యాంకు. అందరూ మనవాడిలాంటి వాళ్ళే ఉన్న క్లాసులో ఆ 5లో పడటం ఎంత కష్టమో ఆలోచించండి.

ఇంకోటి, అడ్రస్‌లో ప్లేనో అని ఉన్నా కొన్ని ఇళ్ళు ఫ్రిస్కో ఐఎస్‌డీలో పడతాయి, ఫ్రిస్కో ఊళ్ళోనే కొన్ని పక్కనున్న ప్రాస్పర్ ఐఎస్‌డీకో లూయిస్‌విల్ ఐఎస్‌డీకో వెళ్తాయి. ఏజెంట్ మాట నమ్మి సంతకం పెట్టకుండా డిస్ట్రిక్ట్ సైట్‌లో డోర్ నంబర్‌తో సహా కొట్టి చూడండి.