మూన్ కాక్టస్: మూడేళ్లు దాటాక నా లెక్క

మూన్ కాక్టస్ (పచ్చ కాడ మీద రంగు గుండు అంటుకట్టిన ముళ్ల మొక్క) మీద నాకు చెప్పలేనంత కోపం ఉంది. మొక్క మొత్తం మీద కాదు, పైనున్న ఆ ఎర్రగుండు మీద. దాని కింద ఉండే పచ్చ కాడంటే మాత్రం ఇప్పుడు ప్రాణం. నర్సరీలో ఈ మొక్క కొనేవాళ్లెవరూ కాడ వంక చూడరు. ఎర్రదా, పసుపుదా, నారింజదా అని గుండు రంగు చూసి ఎంచుకుంటారు. మా ఇంట్లో చివరికి తేలిందేమిటంటే, ఏ రంగు చూసి డబ్బులిచ్చామో అది పోయింది. లెక్కలోకే రాని కాడ బాల్కనీ గ్రిల్లంతా పాకింది.

కొన్న కొత్తలో దీన్ని పొగడని రోజు లేదు. ఆఫీసులో టేబుల్ మీద పెట్టుకోమని ఇద్దరు ముగ్గురికి చెప్పాను. హైదరాబాదులో మా పెద్దాడపడుచు గృహప్రవేశానికి ఇలాంటిదే పట్టుకెళ్లాను. "నీళ్లు కూడా అక్కర్లేదు వదినా, ఊరెళ్లి వచ్చినా ఎలా ఉన్నది అలాగే ఉంటుంది" అని గొప్పగా చెప్పాను. ఆ మాట చలికాలం వరకూ నిజమే. సంక్రాంతికి తాళం వేసి వెళ్లి తీరిగ్గా వచ్చినా దానికి చీమ కుట్టినట్టు కూడా ఉండేది కాదు. విజయవాడ మే నెలకు మాత్రం ఆ మాట చెల్లదు. రోహిణి కార్తె ఎండలకి కాడ మూడు పలకలూ సన్నబడి, మధ్యలో లోపలికి పీక్కుపోయాయి. వారానికోసారి కుండీ అడుగునుంచి కారేదాకా నీళ్లు పోస్తేగానీ తేరుకోలేదు. ఆ మధ్య వదినకు ఫోన్ చేసినప్పుడు, ఏదో మాటల్లో మాటగా "ఎండాకాలం మాత్రం కాస్త పోస్తూ ఉండండి" అన్నాను. ఎందుకని అడిగితే, ఈ ఏడు ఎండలు ఎక్కువ కదా అని సర్దేశాను.

మొక్క ఇంట్లోకి వచ్చిన రోజే అత్తయ్యగారు "ముళ్ల మొక్క ఇంట్లో ఎందుకమ్మా, వాస్తుకి మంచిది కాదంటారు" అని బాల్కనీలోకి పంపించేశారు. హాల్లో టీవీ పక్కన పెట్టాలన్నది నా ఆలోచన. అక్కడ పెట్టి ఉంటే వెలుతురు చాలక మొత్తం మొక్కే ఏడాదిలోపు పోయి ఉండేదని ఇప్పుడు అనిపిస్తోంది. వాస్తు సంగతి నాకు తెలియదు గానీ ఆ పూట ఆవిడ మాటే మొక్కను కాపాడింది.

గుండు సంగతికి వస్తాను. అది ఇల్లరికపుటల్లుడు. సొంత సంపాదన లేదు. ఆకుల్లో, కాడల్లో పచ్చదనం ఉంటేనే మొక్క ఎండలోంచి తన తిండి తాను వండుకోగలదు. ఈ గుండులో ఆ పచ్చదనం బొత్తిగా లేదు. బీట్‌రూట్‌కి ఎరుపునిచ్చే జాతి రంగే దీనిలోనూ ఉంటుంది, పచ్చదనం అడ్డు లేదు కాబట్టి అదే పైకి కనిపిస్తుంది. విత్తనం నుంచి ఇలాంటిది మొలిస్తే, విత్తనంలో దాచుకున్న తిండి అయిపోగానే చచ్చిపోతుంది. దీని అసలు జాతి దక్షిణ అమెరికాలో పరాగ్వే వైపు పొదల కింద మామూలు ముదురు పచ్చ రంగులోనే పెరుగుతుంది. 1941లో జపాన్‌లో వతనాబే అనే ఆయన నారులో ఎర్రగా మొలిచిన పిల్లల్ని వేరే కాక్టస్ కాడ మీద అంటుకట్టి బతికించాడు. ఈ రంగుల గుండ్లన్నీ అక్కణ్ణించి మొదలయ్యాయి. ఇప్పుడు దక్షిణ కొరియా వీటిని పెద్ద ఎత్తున పెంచి దేశాలకు ఎగుమతి చేస్తోంది. మన దగ్గర చిన్న చిన్న నర్సరీల్లోనూ దొరుకుతున్నాయి.

అంటు కట్టడం మీద నాకేం అభ్యంతరం లేదు. మామిడీ, గులాబీ అంట్లే కదా మనం కొనేది. కానీ మామిడి అంటులో పైదీ మామిడే, కిందదీ మామిడే. ఇక్కడ పైది పొడినేల మొక్క, వేళ్లు తడిస్తే పడదు. కిందది మధ్య అమెరికా అడవుల్లో చెట్లెక్కే తీగ, నీళ్లూ కావాలి, ఎండా కావాలి. పైదానికి ఎండ తగిలితే ఒళ్లు మాడుతుంది, ఎందుకంటే దాని ఒంట్లో అడ్డుకునే పచ్చదనం లేదు. ఒకే కుండీలో ఈ రెండింటినీ మెప్పించాలి. మాది తూర్పు, దక్షిణం కలిసే మూల బాల్కనీ, మధ్యాహ్నం దాకా ఎండ పడుతుంది. గుండు కోసం గ్రీన్ నెట్ కట్టాను. గుండు నిగనిగలాడింది, కాడ పాలిపోయింది. నెట్ తీశాను, కాడ పచ్చబడింది, గుండు మీద ఎండ తగిలిన వైపు గోధుమరంగు మచ్చ పడి గట్టిపడింది. ఈ గొడవ ఏ నర్సరీ వాడూ చెప్పడు. నాకు అమ్మినాయన "కలకాలం ఉంటుందండీ, రాయిలాంటి మొక్క" అన్నాడు. ఇది కొన్నేళ్ల మొక్క మాత్రమేననీ, ఎంత బాగా చూసినా ఒకరోజు అంటు దగ్గర విడిపోయేదేననీ ఒక్క ముక్క చెప్పి ఉంటే నాకీ కోపం ఉండేది కాదు. తక్కువ రోజులుండే మొక్క అని తెలిసీ బంతీ చేమంతీ కొనుక్కోవడం లేదా!

రెండో ఏడు వానాకాలంలో గుండు పోయింది. పెద్ద వాన కాదు. అల్పపీడనమని రోజుల తరబడి సన్నగా తుంపర, ఎండ మొహం లేదు, గాలి కూడా తడిగానే ఉంది. కుండీని గోడవైపు జరిపి నీళ్లు మానేశాను. అయినా ఒక ఉదయం గుండు మెరుపు తగ్గి, ఎరుపులోకి వంకాయ రంగు దిగింది. దగ్గరికెళ్లి చూస్తే గుండూ కాడా కలిసేచోట వేలి గోరంత వెడల్పున గోధుమరంగు పట్టీ. వేలితో నొక్కితే మెత్తగా తగిలింది. మర్నాటికి గుండు ఒక పక్కకి ఒరిగింది. ముట్టుకోగానే చేతిలోకి వచ్చేసింది, కింద భాగం జిగురుజిగురుగా, పులిసిన వాసన.

కాడ పైభాగం కూడా కొంచెం కుళ్లింది. కూరగాయల కత్తిని స్పిరిట్‌తో తుడిచి పలచటి చెక్కలుగా కోసుకుంటూ కిందికి వచ్చాను. మొదటి చెక్కల్లో మధ్యన గోధుమరంగు చుక్కలు. ఇంకొంచెం కిందికి కోస్తే అవి పోయి, లేత పచ్చ గుజ్జు మధ్యలో తెల్లటి ఉంగరం ఒకటి స్పష్టంగా కనిపించింది. నీళ్లూ తిండీ నడిచే నాళాలు ఆ ఉంగరంలోనే ఉంటాయి. పైదాని ఉంగరమూ కిందదాని ఉంగరమూ ఎక్కడో ఒకచోట తగులుకుంటేనే అంటు అతుకుతుంది. గుండు పక్కన శనగగింజంత పిల్లలు ఉన్నాయి. వాటిలో గట్టిగా ఉన్నదాన్ని కోసి, కాడ మధ్యలో కాకుండా ఉంగరానికి ఆనేలా కాస్త పక్కకి పెట్టి, కుండీ చుట్టూ రబ్బరు బ్యాండు తిప్పి బిగించాను. అతుక్కుంది. రెండు నెలలపాటు నాకు ఆనందమే ఆనందం. తర్వాత అది పెరగనూ లేదు, చావనూ లేదు. ఈలోగా కాడ పక్కనున్న ముళ్ల గుంపులోంచి పచ్చటి మొలక ఒకటి పొడుచుకొచ్చింది. గుండును కాపాడుకోవాలంటే ఆ మొలకని తుంచెయ్యాలి, బలమంతా అటు పోతుంది కాబట్టి. కత్తెర పట్టుకుని వెళ్తే అత్తయ్యగారు అడ్డుపడ్డారు. "ఎర్రది ఎటూ దక్కేలా లేదు, పచ్చది తనంతట తను లేస్తుంటే దాన్నెందుకు తుంచుతావమ్మా?" వాస్తు మాట మళ్లీ ఎత్తలేదు, గమనించాలి.

అసలు ఆశ్చర్యం దసరాకి మా మరిది వచ్చినప్పుడు. అతను నూజివీడు వైపు కొంత చేలో డ్రాగన్ ఫ్రూట్ వేశాడు. బాల్కనీలో కాఫీ తాగుతూ, మొలక వంక కాసేపు చూసి, పలక అంచుని వేలితో తడిమి పగలబడి నవ్వాడు. "వదినా, ఇది మా చేలో ఉన్న జాతే. దీనికి టోపీ పెట్టి నీకు అమ్మేశారు!" నేను నమ్మలేదు. ఫోన్‌లో వాళ్ల చేను ఫొటో చూపించాడు. అవే మూడు పలకలు, అంచున అవే చిన్న ముళ్ల గుంపులు. తోటల్లో సిమెంటు స్తంభం చుట్టూ మొక్కలు నాటి, పైన చక్రం పెట్టి, కాడలు అంతవరకూ ఎక్కి అక్కణ్ణించి కిందికి వేలాడేలా వదిలేస్తారట. వేలాడితేనే పూత బాగుంటుందని అతని మాట.

అతను చెప్పినట్టే చేశాం. పెద్ద ప్లాస్టిక్ టబ్బుకి అడుగున కన్నాలు పెట్టించి, ఎర్రమట్టి, ముతక ఇసుక, పశువుల ఎరువు, ఇటుక ముక్కలు కలిపి నింపాం. మధ్యలో ఒక పైపు పాతాం. పాత కుండీలోంచి తీసినప్పుడు వేళ్ల చుట్టూ కొబ్బరిపీచు పొట్టు ముద్ద గట్టిగా పట్టుకుని ఉంది. అది పైకి పొడిగా కనిపిస్తుంది, లోపల తడి వదలదు. పైన రంగురాళ్లు కూడా జిగురుతో అంటించి ఉన్నాయి, అందుకే నీళ్లెప్పుడు ఆరాయో తెలిసేది కాదు. ఈ జిగురు పిచ్చి ఇంకోచోట కూడా చూశాను. మా వీధి చివర పూలకుండీల షాపులో చిన్న కాక్టస్ మీద ఎండుపువ్వు అతికించి "పూసే రకం" అని అమ్ముతున్నారు. పువ్వు మొదట్లో మెరిసే జిగురు చుక్క కనిపిస్తే వదిలేసి రండి.

టబ్బులో పడ్డాక కాడ వేగం చూస్తే టెన్షన్ వచ్చింది. పైపు ఎక్కింది, అక్కణ్ణించి గ్రిల్ పట్టుకుంది. ఒంటినుంచి దారాల్లాంటి వేళ్లు దించి గోడకి అతుక్కుంది. పీకితే గోడరంగు పెచ్చుగా ఊడొచ్చింది, ఆ ఖర్చు వేరే. పిండినల్లి (తెల్లగా దూదిలా పట్టే పురుగు) ఒకసారి పట్టింది, వేపనూనె కొడితే పోయింది.

నిరుడు వానలు మొదలయ్యాక అంచున పచ్చటి బుడిపె వచ్చింది. కొమ్మ అనుకున్నాను. అది రోజురోజుకీ సాగి, పొలుసులు కప్పుకుని మొగ్గ అయింది. మొదటిది పసుపురంగు తిరిగి రాలిపోయింది. తర్వాత వచ్చినవాటిలో ఒకటి నిలబడి పూసింది. రాత్రి భోజనాలప్పుడు విచ్చడం మొదలై, పడుకోబోయే వేళకి పూర్తిగా తెరుచుకుంది. అరచేయి కన్నా పెద్ద తెల్ల పువ్వు, లోపల లేత పసుపు కేసరాల కుచ్చు. తోటల్లో తేనెటీగలూ, పురుగులూ చూసుకుంటాయి, నాలుగో అంతస్తుకి అవెక్కడొస్తాయి? అందుకని మరిది చెప్పినట్టు బొట్టుపెట్టుకునే బ్రష్‌తో పుప్పొడి తీసి పువ్వు మధ్యలో ఉండే కీలం కొనకి రాశాను. తెల్లారేసరికి పువ్వు తల వాల్చేసింది. నెల తిరిగేసరికి కింద కాయ గులాబీ రంగు తిరిగింది. బజారు పండులో సగం ఉంటుంది, తెల్లగుజ్జు. అత్తయ్యగారు దేవుడి దగ్గర పెట్టి, తర్వాత ఇంటిల్లిపాదికీ తలా రెండు ముక్కలు పెట్టారు. అబ్బ, ఎంత తియ్యగా ఉందో అని అందరం అన్నాం. నిజానికి చప్పగానే ఉంది.

అంచేత పండు కోసం ఎవరూ దీన్ని పెంచక్కర్లేదు. టబ్బు, మట్టి, పైపు, గోడ రంగు ఖర్చులు కలిపితే బజారులో ఎన్ని పండ్లు వచ్చేవో మా ఆయన ఇప్పటికే లెక్క చెప్పారు. ఆ పువ్వు పూసిన రాత్రి కోసమైతే నేను మళ్లీ పెంచుతాను.

ఎర్రగుండు కొనాలా వద్దా అంటే నా సమాధానం అందరికీ పనికిరాదు. కోస్తా ఉక్కపోతలో, వాన జల్లు కొట్టే బాల్కనీలో నేను మళ్లీ కొనను. హైదరాబాదులో వదిన వాళ్లింట్లో మాత్రం అదే మొక్క కిటికీ లోపల, వాన తగలకుండా, ఇప్పటికీ ఎర్రగా ఉంది. ఆవిడ ఈ రివ్యూ ఒప్పుకోరు. ఏడాదో రెండేళ్లో టేబుల్ మీద రంగు ఉంటే చాలనుకునే వాళ్లు నిక్షేపంగా కొనుక్కోవచ్చు. కొనేటప్పుడు గుండుని కాక అంటు దగ్గర చూడండి. అక్కడ గోధుమరంగు కనిపించినా, గుండు కాస్త కదిలినా వద్దు. ఒకవేళ కాడ పెంచడానికే మనసుంటే నర్సరీకి పోనేవద్దు. డ్రాగన్ ఫ్రూట్ తోటల వాళ్లు కత్తిరించి గట్టున పడేసిన కొమ్మ ఒకటి అడిగి తెచ్చుకుని, కోసినచోట ఆరేదాకా నాలుగు రోజులు నీడన ఉంచి నాటితే వేళ్లు పోసుకుంటుంది. మాకు మరిది ఉన్నాడు కాబట్టి ఈ మాట ఇంత తేలిగ్గా అంటున్నాను.