రీఫర్బిష్డ్ ల్యాప్‌టాప్ కొనేవాళ్లకి హెచ్చరిక: వైఫై, అప్‌డేట్ సంగతి షాపులోనే తేల్చుకోండి

కాలేజీలు తెరిచే సమయం కాబట్టి రాస్తున్నాను. ఇంజినీరింగ్‌లో చేరే పిల్లలకి కొత్త ల్యాప్‌టాప్ కొనాలంటే భారమై చాలామంది రీఫర్బిష్డ్ షాపుల వైపు, అంటే వాడేసినవాటిని బాగుచేసి అమ్మే షాపుల వైపు చూస్తున్నారు. అందులో తప్పేం లేదు. కంపెనీలు కొన్నేళ్లు వాడి వదిలేసిన బిజినెస్ మోడళ్లు గట్టిగానే ఉంటాయి. కానీ మా మేనల్లుడి కోసం సికింద్రాబాద్‌లో ఒక షాపులో తీసుకున్నది మాత్రం పైన పటారం, లోన లొటారం. ఫిర్యాదు నడుస్తోంది కాబట్టి షాపు పేరు రాయను. ఏం దాచారో, ఎలా దాచారో చెబుతాను. ఇదే పని ఏ షాపు చేసినా పట్టుకోవచ్చు.

ధర 19 వేలు. ‘ఐ5, 8 జీబీ ర్యామ్, 256 జీబీ ఎస్‌ఎస్‌డీ, విండోస్ 11 ఒరిజినల్, ఆరు నెలల వారంటీ’ అని వాట్సాప్‌లో పంపారు. చూడ్డానికి కొత్తదానిలా మెరిసిపోతోంది. కీబోర్డు, స్క్రీన్, చార్జింగ్ అన్నీ బాగున్నాయి. ఉంటాయి మరి, కొనేవాడు చూసేవి అవే అని వాళ్లకి తెలుసు. వైఫై కూడా పనిచేసింది. రౌటర్ మన నెత్తిమీదే వేలాడుతుంటే ఎందుకు పనిచేయదు? ఇక అప్‌డేట్ గురించి షాపులో నిలబడి ఎవరూ అడగరు.

ఇంటికి తెచ్చాక హాల్లో రౌటర్ పక్కన బాగానే ఉంది. పక్క గదిలోకి వెళ్తే ఒక్క గీత, కాసేపటికి కట్. అదే మంచం మీద ఫోన్‌లో నిండా సిగ్నల్ ఉంది. షాపుకి ఫోన్ చేస్తే, ‘మీ రౌటర్ పాతది సార్, మార్చండి’ అన్నాడు! వైఫై కార్డుని నడిపే సాఫ్ట్‌వేర్, అదే డ్రైవర్, తీసేసి మళ్లీ వేశాం. నెట్‌వర్క్ రీసెట్ కొట్టాం. డివైస్ మేనేజర్‌లో వైఫై కార్డు మీద రైట్ క్లిక్ చేసి ప్రాపర్టీస్‌లోకి వెళ్లి, కరెంటు ఆదా కోసం కార్డుని ఆపేసే టిక్కు తీసేశాం. ఇవన్నీ చేయదగ్గ పనులే, చాలాసార్లు వీటితోనే దారికొస్తుంది. ఇది రాలేదు. అసలు అనుమానం బ్లూటూత్ వల్ల వచ్చింది. ఇయర్‌బడ్స్ పెట్టుకుని కాస్త దూరం జరిగితే చాలు, పాట తెగిపోతోంది. ఇలాంటి ల్యాప్‌టాప్‌లలో వైఫై, బ్లూటూత్ రెండూ ఒకే కార్డు మీద, అవే యాంటెన్నాలతో నడుస్తాయి. రెండూ ఒకేసారి నీరసపడ్డాయంటే డ్రైవర్‌ని వదిలేసి యాంటెన్నా సంగతి చూడాలి.

హనుమకొండలో తెలిసిన మెకానిక్ దగ్గర అడుగు మూత విప్పించాం. విప్పేటప్పుడు మొదటి నుంచీ వీడియో తీయించాను. వైఫై కార్డు మీద కందిగింజలో సగం కూడా లేని రెండు బంగారు రంగు గుండీలుంటాయి. ఒక నల్ల వైరు, ఒక తెల్ల వైరు వచ్చి వాటి మీద టక్కున కూర్చోవాలి. నల్లది వదులుగా ఆనుకుని ఉంది. తెల్లది కార్డు దాకా రానే లేదు. కొసకి నల్ల టేపు చుట్టి మూత కీలు పక్కన దూర్చేశారు. యాంటెన్నాలుండేది పై మూతలో, స్క్రీన్ అంచుల వెంట. వాటి వైర్లు కీలు గుండా కిందికి దిగుతాయి. స్క్రీన్ మార్చినప్పుడో, మూత మార్చినప్పుడో అది తెగి ఉంటుంది. తెగడం పొరపాటు కావచ్చు, తెగినదానికి శుభ్రంగా టేపు చుట్టి మూసేయడం పొరపాటు ఎలా అవుతుంది?

ఇక అప్‌డేట్ కథ. సెట్టింగ్స్‌లో చూస్తే అప్‌డేట్లు పాజ్‌లో ఉన్నాయి. పాజ్ తీస్తే ఎర్రర్. వెనకాల నడిచే ప్రోగ్రాముల జాబితా అయిన సర్వీసెస్‌లోకి వెళ్తే, విండోస్ అప్‌డేట్ సర్వీసునే డిజేబుల్ చేసి పెట్టారు. ఆన్ చేసినా, రీస్టార్ట్ కొట్టగానే మళ్లీ డిజేబుల్. అంటే దాన్ని ఎప్పటికప్పుడు ఆపేలా ఏదో ప్రోగ్రామ్ కూర్చోబెట్టారన్నమాట.

ఇంత కష్టం ఎందుకు పడ్డారో ప్రాసెసర్ నంబర్ చూస్తే అర్థమైంది: ఐ5-6300యూ. ఆ గీత తర్వాత మొదటి అంకె 6, అంటే ఆరో తరం, 2015 నాటిది. రెండు మూడు మినహాయింపులు పోను, ఇంటెల్‌లో ఎనిమిదో తరం నుంచే విండోస్ 11కి మైక్రోసాఫ్ట్ ఆమోదం ఉంది. పాతవాటిలో కూడా తనిఖీని దాటవేసి ఎక్కించొచ్చు, ఎక్కుతుంది కూడా. కాకపోతే ఏటా వచ్చే కొత్త వెర్షన్ మామూలు అప్‌డేట్ దారిలో దానికి రాదు. మాదాంట్లో ఉన్నది విండోస్ 11లో 22హెచ్2 అనే పాత వెర్షన్. హోమ్, ప్రో ఎడిషన్లకి ఆ వెర్షన్ సపోర్టు, అంటే భద్రతా అప్‌డేట్లు రావడం, 2024 అక్టోబర్ 8తోనే ముగిసింది. పోనీ వెనక్కి వెళ్లి విండోస్ 10 వేసుకుందామా అంటే, దాని మామూలు సపోర్టు కూడా 2025 అక్టోబర్ 14తో అయిపోయింది. యూపీఐ, బ్యాంకు లాగిన్ అన్నీ చేసే మెషీన్‌కి భద్రతా ప్యాచులు లేకపోతే టెన్షనే కదా.

‘ఒరిజినల్’ అన్న మాట కూడా తేలిపోయింది. కమాండ్ ప్రాంప్ట్‌లో ఎస్ ఎల్ ఎం జి ఆర్, స్పేస్, స్లాష్, ఎక్స్ పి ఆర్ అని కొడితే చిన్న పెట్టె వస్తుంది. అసలు లైసెన్సుకి శాశ్వతంగా యాక్టివేట్ అయిందని చూపిస్తుంది. మాకు ‘వాల్యూమ్ యాక్టివేషన్’ అని, పక్కన గడువు తేదీ వచ్చింది. అది పెద్ద కంపెనీలు తమ సర్వర్‌తో చేసుకునే పద్ధతి, 180 రోజులకోసారి గడువు పొడిగించుకోవాలి. 19 వేల సెకండ్ హ్యాండ్ ల్యాప్‌టాప్‌లో దానికేం పని? వారంటీ కూడా సరిగ్గా ఆరు నెలలే. లెక్క భలే కుదిరింది.

షాపువాళ్లు చేతులు దులుపుకున్నారు. సాఫ్ట్‌వేర్‌కి వారంటీ ఉండదట. యాంటెన్నా అడిగితే, బయట విప్పించారు కాబట్టి వారంటీ పోయిందట. ఇంకో 5 వేలు వేస్తే వేరేది ఇస్తామన్నారు. ఒప్పుకోలేదు. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫిర్యాదు చేశాను. దానితో తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్. 2019 వినియోగదారుల రక్షణ చట్టం వచ్చాక మనం ఉండే జిల్లాలోనే కేసు వేయొచ్చు, షాపున్న ఊరికి తిరగక్కర్లేదు. కొన్న ధర 5 లక్షల లోపు అయితే ఫీజు లేదు, రెండేళ్లలోపు వేయాలి. మా బిల్లులో ‘ల్యాప్‌టాప్ – 1’ అని మాత్రమే ఉంది, అందుకే ఆ వాట్సాప్ మెసేజే ఇప్పుడు మాకు దిక్కు. మీరు మాత్రం జీఎస్టీ బిల్లు మీద సీరియల్ నంబర్, పూర్తి ప్రాసెసర్ నంబర్ రాయించుకోకుండా డబ్బు ఇవ్వకండి. ‘ఐ5’ అంటే ఏమీ చెప్పనట్టే.

షాపులో చూడాల్సినవి పెద్ద పనేం కాదు. వాళ్ల వైఫై వద్దు, మీ ఫోన్ హాట్‌స్పాట్ ఆన్ చేసి వెంట వచ్చినవాళ్లకిచ్చి షాపు బయట, మెట్ల దగ్గర నిలబడమనండి. లోపల వీడియో పెట్టండి. అక్కడ ఆగిందంటే ఇంట్లో పక్క గదిలోనూ ఆగుతుంది. స్టార్ట్‌లో విన్‌వర్ (winver) అని కొట్టి వెర్షన్ చూడండి. అప్‌డేట్ పేజీలో చెక్ బటన్ మీరే నొక్కండి. ‘ఇప్పుడెందుకు సార్, ఇంటికెళ్లి చేసుకోండి’ అన్నారంటే లేచి వచ్చేయండి. తేదీ, టైమ్ తప్పు చూపిస్తే కూడా ఆగండి. లోపల చిన్న బ్యాటరీ పోయి ఉండొచ్చు. గడియారం బాగా తప్పితే వెబ్‌సైట్లూ తెరుచుకోవు, అప్‌డేటూ అవదు, దాన్ని మనం నెట్ సమస్య అనుకుంటాం.

ఇప్పటికే కొనేసినవాళ్లు కోపంలో ఫార్మాట్ కొట్టకండి. వెర్షన్, యాక్టివేషన్ పెట్టె, డిజేబుల్ అయిన సర్వీసు, అన్నిటికీ ముందు ఫోటోలు తీసి పెట్టుకోండి. ఫార్మాట్ చేస్తే మీ సాక్ష్యం మీరే చెరిపేసినట్టు. ఫిర్యాదు తేలాక, డబ్బు వెనక్కి రాకపోతే, ఆరో తరం మెషీన్ మీద విండోస్‌కి బదులు లైనక్స్ మింట్ అనే ఆపరేటింగ్ సిస్టమ్ (ఓఎస్) ఉచితంగా వేసుకోవచ్చు, అప్‌డేట్లు సక్రమంగా వస్తాయి, కోడింగ్ నేర్చుకునే పిల్లలకి బాగానే సరిపోతుంది. యాంటెన్నా వైర్ల సెట్టు మాత్రం ఏ ఓఎస్ వేసినా మార్చాల్సిందే. వస్తువు ఖరీదు పెద్దగా లేదు కానీ స్క్రీన్ విప్పాలి, కాబట్టి పని తెలిసినవాడికే ఇవ్వండి.