డ్రూయిడ్ బాటలో ఏది మేలు: ఓబాడ్‌ సాధనా, ఏడీఎఫ్‌ ఆరాధనా?

పాతకాలపు డ్రూయిడ్లు, అంటే ఐరోపాలోని కెల్ట్ జాతుల పూజారులు, తమ విద్యను రాసి ఉంచలేదు. అందుకే ఇప్పటి సంఘాలు తమ పద్ధతిని కొత్తగా కట్టుకున్నాయి. అలాంటి సంఘాల్లో ఓబాడ్‌ను (ఆర్డర్ ఆఫ్ బార్డ్స్, ఓవేట్స్ అండ్ డ్రూయిడ్స్) రాస్ నికోల్స్ 1964లో ఇంగ్లండ్‌లో, ఏడీఎఫ్‌ను (Ár nDraíocht Féin అనే ఐరిష్ పేరుకు పొట్టి రూపం) ఐజాక్ బోన్‌విట్స్ 1983లో అమెరికాలో మొదలుపెట్టారు. ఏటా ఎనిమిది పండుగలు, ప్రకృతి మీద భక్తి, పూర్వీకుల స్మరణ రెండింటా ఉన్నాయి. జంతుబలి రెండింటా లేదు.

ఓబాడ్‌లో వలయంగా నిలబడి, నాలుగు దిక్కులకూ శాంతి పలికి, ‘అవెన్’ (ప్రేరణ అనే అర్థమున్న వెల్ష్ మాట) అని మూడుసార్లు దీర్ఘంగా ఆలపిస్తారు. పాటలు, కవితలు, రొట్టె, తేనె మద్యం పంచుకుంటారు. బార్డ్ (కవి), ఓవేట్ (ద్రష్ట), డ్రూయిడ్ అని సాధనలో మూడు మెట్లు. పాఠాలు ఇంటికే వస్తాయి. క్రైస్తవులైనా, దేవుణ్ణి నమ్మనివారైనా చేరవచ్చు.

ఏడీఎఫ్‌లో అసలు పని ఇవ్వడం. మధ్యలో నిప్పు, బావికి గుర్తుగా నీళ్ల గిన్నె, ఒక చెట్టు లేదా కొమ్మ. నిప్పులో నూనె, నీళ్లలో వెండి వేసి, చెట్టుకు నీళ్లు చల్లి ధూపం పడతారు. ఇతర లోకాలకు ద్వారాలు తెరిచినట్టు భావించి పూర్వీకులను, ప్రకృతి శక్తులను, దేవతలను పిలిచి నివేదిస్తారు. తర్వాత శకునం చూస్తారు. అది అనుకూలిస్తే నీళ్లను ఆశీస్సుగా తాగి, పిలిచిన వరుసను తిరగేసి అందరికీ ధన్యవాదాలు చెప్పి, ద్వారాలు మూస్తారు. ఆవాహన, నివేదన, తీర్థం, ఉద్వాసన ఎరిగిన మనకు ఈ క్రమం ఇట్టే పట్టుబడుతుంది. ఇండో-యూరోపియన్ సంప్రదాయాలన్నీ వారికి సమ్మతమే కాబట్టి వైదిక దేవతలకూ అక్కడ చోటుంది.

తప్పులు ఎక్కువగా జరిగేది నిప్పు దగ్గరే. నివేదించే విస్కీని సీసాతో నేరుగా పోస్తే మంట ధార వెంట పైకి పాకుతుంది. చిన్న గిన్నెలోకి వంచుకుని, సీసాను దూరంగా పెట్టాలి. నివేదించే గింజలు పిడికెడు చాలు, అదీ పొడిగా ఉండాలి; తడి గింజలు కుప్పగా పోస్తే మంట ఆరి పొగ కమ్ముతుంది. శకునం బాగోలేకపోతే మరికొంత నివేదించి మళ్లీ అడగవచ్చు గానీ, మంచిది వచ్చేదాకా శకునం చూస్తూనే పోకూడదు.

చుట్టుపక్కల తోటివారు లేకపోతే ఓబాడ్ మేలు. పూజ చేసే చేతికి, ఆతిథ్యాన్ని తొమ్మిది సద్గుణాల్లో ఒకటిగా లెక్కించే ఏడీఎఫ్ మేలు. మా మొగ్గు ఏడీఎఫ్ వైపే. మొదటి ఏడాది మాత్రం రెండూ కలపొద్దు. ఓబాడ్‌లో గీసిన వలయాన్ని మధ్యలో దాటి వెళ్లరు. ఏడీఎఫ్‌లో వలయమే గీయరు, ఆలస్యంగా వచ్చినవారూ నేరుగా నిప్పు దగ్గరికి వచ్చి నిలబడవచ్చు.