షియాన్ హుయిమిన్ వీధి: మటన్ పావ్‌మో, తోలుబొమ్మలాట

చైనాలోని షియాన్ వెళ్లినవాళ్లు చాలామంది అక్కడి పురాతన మట్టి సైనికుల విగ్రహాలను చూసి ఆ రాత్రికే రైలెక్కేస్తారు. ఒక సాయంత్రం హుయిమిన్ వీధికి ఉంచుకోండి. 1380లో కట్టిన డ్రమ్ టవర్ దాటగానే మొదలవుతుంది. హుయి ముస్లింల పేట కాబట్టి పంది మాంసం ఉండదు. చైనాలో ప్రతి పూటా మావారికి ఉండే టెన్షన్ ఇక్కడ తీరింది. బీఫ్ తిననివాళ్లు మాత్రం ‘యాంగ్‌రౌ’ అని, అంటే మటన్ అని, స్పష్టంగా చెప్పాలి.

పెద్ద వీధిలో ఒక షాపులో కొన్న మటన్ చువ్వలు ఉత్త ఉప్పు, కారం. పక్క సందుల్లోకి వెళ్లండి, తిండి అక్కడ బాగుంటుంది.

మేం పావ్‌మో తిన్నది అలాంటి సందులోనే. ముందు ఖాళీ గిన్నె, గట్టి రొట్టెలు ఇస్తారు. వాటిని మనమే శనగగింజంత ముక్కలుగా తుంచాలి, లేకపోతే లోపలికి రసం పట్టదు. మావారు పెద్ద ముక్కలు వేస్తుంటే పక్క టేబుల్ పెద్దాయన లేచొచ్చి తన వేళ్లతో తుంచి చూపించారు. ఆ గిన్నె వంటింట్లోకి వెళ్లి మటన్ రసంలో, సన్నటి సేమ్యాతో ఉడికి వస్తుంది. పక్కన తియ్యగా ఊరబెట్టిన వెల్లుల్లి, ఎర్రకారం ముద్ద. మన నాలుకకు ఆ ముద్ద తప్పనిసరి. వెల్లుల్లి కొరుక్కుంటూ తింటే గిన్నె ఖాళీ అయ్యేదాకా లేవలేం.

తర్వాత బేయువాన్‌మెన్ వీధిలో 144వ నంబరు, గావ్ కుటుంబం వారి పాత లోగిలి. టికెట్ కొంటే తోలుబొమ్మలాట చూడొచ్చు. మాది ధర్మవరం, తోలుబొమ్మలకు పేరున్న నిమ్మలకుంట దగ్గరే. మన మేకతోలు బొమ్మలు మనిషంత ఎత్తుంటాయి. ఇక్కడివి జానెడున్నర కూడా ఉండవేమో! పశువు తోలును అద్దంలా కనిపించేదాకా గీకి, చెక్కి, రంగులేస్తారు. మెడకో కర్ర, రెండు చేతులకు రెండు. అంత చిన్న బొమ్మ తల తిప్పి, చెయ్యి ఊపి కోపం చూపిస్తుంటే నాకు చైనీస్ రాకపోయినా కథ అందింది. మనసు నిండిపోయింది. చైనా తోలుబొమ్మలాటకు 2011లో యునెస్కో గుర్తింపు వచ్చింది. మన ఆటకూ రావాలని గట్టిగా కోరుకుంటున్నాను.

శాకాహారులకు ఈ వీధిలో కష్టమే. వేయించిన పర్సిమన్ పండు అప్పాలు, ఖర్జూరం వేసి ఆవిరి మీద వండిన జిగురన్నం దొరుకుతాయి. అందరూ ఫోన్‌తోనే డబ్బు కడతారు కాబట్టి బయల్దేరేముందే ఆలీపే యాప్‌లో మీ కార్డు కలుపుకోండి.