టెలి మానస్ 14416: బెజవాడ, గుంటూరు వాళ్లకు ఎంతవరకు పనికొస్తుంది?

గుంటూరు కొత్తపేటలోనో, విజయవాడ సూర్యారావుపేటలోనో గుండె డాక్టర్ల దగ్గర ఒక రకం ఫైలు తరచూ కనిపిస్తుంది. ఈసీజీ నార్మల్, టూడీ ఎకో నార్మల్, ఎండోస్కోపీలో కాస్త గ్యాస్ట్రైటిస్. అయినా గుండెదడ తగ్గదు, రాత్రి రెండింటికి మెలకువ వచ్చేస్తుంది, ఎవరో 'నరాల బలహీనత' అని బీ కాంప్లెక్స్ రాస్తారు. మనసు డాక్టరు దగ్గరికి వెళ్లమంటే 'నాకేం పిచ్చా' అన్న మాట ముందే సిద్ధంగా ఉంటుంది. కేంద్ర ప్రభుత్వం నడిపే టెలి మానస్, అంటే మనసు బాగోలేనప్పుడు ఫోన్లో సాయం చేసే 14416 సేవ, అందరికంటే ఎక్కువగా అక్కరకొచ్చేది ఇలాంటి వాళ్లకే.

2022-23 బడ్జెట్‌లో ప్రకటించి, అదే ఏడాది అక్టోబరు 10న, ప్రపంచ మానసిక ఆరోగ్య దినం రోజున మొదలుపెట్టారు. దేశం మొత్తానికి బెంగళూరులోని జాతీయ మానసిక ఆరోగ్య సంస్థ నిమ్‌హాన్స్ పెద్దదిక్కు. 14416 గానీ 1800 891 4416 గానీ నొక్కొచ్చు. ఫోను ఖర్చు లేదు, 24 గంటలూ పనిచేస్తుంది. ముందు భాష అడుగుతుంది, తెలుగు ఎంచుకోవాలి. అవతల శిక్షణ పొందిన కౌన్సెలర్ ఉంటారు. విషయం తమ స్థాయి దాటిందనిపిస్తే సైకియాట్రిస్టుకో, క్లినికల్ సైకాలజిస్టుకో కలుపుతారు. ఎదురుగా చూడాల్సిన కేసైతే ప్రభుత్వాసుపత్రికి పంపుతారు.

మొదటి మెట్టుగా దీనికి 5కి 4 మార్కులు ఇవ్వొచ్చు. వారం వారం సాగాల్సిన థెరపీగా వాడుకుందామనుకుంటే మాత్రం 2 దాటవు. ఎందుకో చెప్పాలంటే ఫోన్లో ఏం జరుగుతుందో చూడాలి.

కౌన్సెలర్ అడిగేవి దాదాపు ఇవే: ఎప్పటినుంచి, నిద్ర ఎలా ఉంది, ఆకలి, పనిమీద ధ్యాస, తాగుడు అలవాటు, ఇంతకుముందు వాడిన బిళ్లలు, చనిపోవాలన్న ఆలోచన వచ్చిందా. చివరి ప్రశ్నకి చాలామంది ఉలిక్కిపడి ఫోను పెట్టేస్తారు. అడిగినంత మాత్రాన లేని ఆలోచన పుట్టుకురాదు. పైగా ఉన్నది బయటికి చెప్పుకునే వీలు దొరుకుతుంది. ఆ ప్రశ్న అడిగారంటే అవతలి మనిషికి పని తెలుసని అర్థం.

ఫోను చేసేముందు ఒక కాగితం మీద గత రెండు వారాల సంగతి రాసుకోండి: ఎన్నింటికి పడుకున్నారు, ఎన్నింటికి లేచారు, ఎన్ని రోజులు ఏ పనీ చేయబుద్ధి కాలేదు. రెండు వారాలే ఎందుకంటే, డిప్రెషన్ అంచనాకి వాడే పీహెచ్‌క్యూ-9 ప్రశ్నపత్రం కూడా సరిగ్గా ఆ వ్యవధినే అడుగుతుంది. తొమ్మిది ప్రశ్నలు, మొత్తం 27 మార్కులు. పది గానీ అంతకుమించి గానీ వస్తే డాక్టరుకి చూపించాలి. వాడుతున్న బిళ్లల స్ట్రిప్పులు చేతిలో పెట్టుకోండి. థైరాయిడ్, హిమోగ్లోబిన్, బీ12, షుగర్ రిపోర్టులుంటే అవి కూడా. థైరాయిడ్ తగ్గినా, రక్తం తక్కువైనా నీరసం, దిగులు అచ్చం డిప్రెషన్‌లాగే ఉంటాయి.

ఫోను వృథా అయ్యేది ఎక్కువగా మన వైపు నుంచే. అత్తగారు టీవీ చూస్తున్న హాల్లో కూర్చుని మాట్లాడితే 'గ్యాస్ అండి, నిద్ర పట్టట్లేదండి' దగ్గరే ఆగిపోతుంది. మేడమీదికి వెళ్లి మాట్లాడాలి. ఇంకో రకం: 'మా వాడికి కాస్త బుద్ధి చెప్పండి మేడమ్' అని తల్లో తండ్రో ఫోను చేసి కొడుకు చేతికి అందించడం. అలా ఇచ్చిన ఫోన్లో ఆ అబ్బాయి ఊఁ కొడతాడు తప్ప మాట్లాడడు. ఇంట్లోవాళ్లు తమ దిగులు గురించి తాము ఫోను చేసుకోవచ్చు. 'వాడితో ఎలా మాట్లాడాలి' అని అడిగితే పనికొచ్చే జవాబు వస్తుంది.

ఇక థెరపీ మాట. గుంటూరు నుంచి బెజవాడ వెళ్లే ఆర్టీసీ బస్సులో ఒకాయనకి ఒక్కసారిగా దడ, చెమట, ఊపిరాడనట్టు అయిందనుకోండి. (మొదటిసారి ఛాతీ నొప్పి వస్తే, అందులోనూ వయసు నలభై దాటితే, ముందు ఈసీజీ. ఫోను తర్వాత.) తర్వాత చూపించుకుంటే గుండె బాగానే ఉందని తేలింది, అంటే వచ్చింది పానిక్ ఎటాక్, ఒక్కసారిగా ముంచుకొచ్చే భయం. పానిక్ ఎటాక్ సాధారణంగా పది నిమిషాల్లో తారస్థాయికి చేరి, ఆ తర్వాత దానంతటదే దిగుతుంది. కానీ ఆ రోజు ఆయన పెదకాకానిలోనే బస్సు దిగేశాడు, ప్రాణం కుదుటపడింది. మెదడు నేర్చుకున్నది ఒకటే: దిగాను కాబట్టి బతికాను. వచ్చే వారం బస్సు వద్దంటుంది, పై నెల సినిమా హాలు వద్దంటుంది, ఆర్నెల్లకి పెళ్లిళ్లకి కూడా వెళ్లడు. బంధువులు 'పొగరు పెరిగింది' అనుకుంటారు. తప్పించుకున్న ప్రతిసారీ దొరికే ఆ ఊరటే భయాన్ని పెంచి పోషిస్తుంది.

ఇంతవరకు కౌన్సెలర్ ఒక్క ఫోన్లో చక్కగా విడమరిచి చెప్పగలరు. ఆ భయం ముడి విప్పడం మాత్రం ఒక్క ఫోనుతో అయ్యేది కాదు. ముందు బస్టాండులో ఊరికే నిలబడాలి. తర్వాత తోడుతో పెదకాకాని దాకా, ఒంటరిగా పెదకాకాని దాకా, ఆపైన మంగళగిరి, చివరికి నెహ్రూ బస్టాండ్. ప్రతి మెట్టులో దడ సగానికి సగం తగ్గేదాకా కదలకూడదు, మధ్యలో దిగేస్తే మొదటికొస్తుంది. దీన్ని వారానికొకసారి ఒకే మనిషి వెంట ఉండి నడిపించాలి. సీబీటీ (ఆలోచనల్ని, అలవాట్లని మార్చే మాటల చికిత్స) పద్ధతిలో 12 నుంచి 20 సిట్టింగులు మామూలు. 14416లో ఫోను ఎత్తినవాళ్లే ప్రతిసారీ ఎత్తుతారన్న భరోసా లేదు. దాని అమరికే అంత, లోపమని నిందించి లాభం లేదు.

ఆసుపత్రికి వెళ్లమంటే మనకి దగ్గర్లో మూడు దారులున్నాయి: గుంటూరు జీజీహెచ్ (ప్రభుత్వ పెద్దాసుపత్రి), విజయవాడ జీజీహెచ్, రెంటికీ మధ్యలో మంగళగిరి ఎయిమ్స్. మూడింట్లోనూ సైకియాట్రీ విభాగం ఉంది. పెద్దవాళ్ల భయం ఇంకా విశాఖ మానసిక వైద్యశాల చుట్టూనే తిరుగుతుంది కానీ, ఇక్కడ చర్మవ్యాధుల ఓపీకి వెళ్లినట్టే వెళ్లి చీటీ రాయించుకుని వచ్చేయొచ్చు.

బిళ్లల దగ్గరే అసలు తిప్పలు. డిప్రెషన్‌కీ, ఆందోళనకీ వాడే ఎస్సిటాలోప్రామ్ లాంటివి రాస్తే గుణం కనపడటానికి రెండు నుంచి నాలుగు వారాలు, ఒక్కోసారి ఆరు పడుతుంది. వికారం, కాస్త అలజడి మాత్రం మొదటి వారంలోనే వస్తాయి. ఐదో రోజున 'నాకు పడలేదు' అని మానేసేది అందుకే. బాగైపోయాక కూడా కనీసం ఆరు నెలలు వాడాలి, ఆపేటప్పుడు డాక్టరు చెప్పినట్టు మెల్లగా తగ్గించాలి. ఆందోళనని అప్పటికప్పుడు తగ్గించే ఆల్ప్రజోలం సంగతి దీనికి తలకిందులు. గంటలోపే హాయి, కాబట్టి జనానికి అదే మంచి మందు. రోజూ వాడుతూ నాలుగు వారాలు దాటితే అలవాటుగా మారుతుంది. పాత చీటీతో మందుల షాపులో మళ్లీ మళ్లీ తెచ్చుకునేది కూడా ఎక్కువగా అదే.

మన ఎండలకి సంబంధించి ఒకటి. బైపోలార్‌కి (అతి ఉత్సాహం, దిగులు మారి మారి వచ్చే జబ్బుకి) లిథియం వాడేవాళ్లు మే నెలలో చెమటకి ఒంట్లో నీరు తగ్గితే, విరేచనాలైతే, ఉప్పు పూర్తిగా మానేస్తే రక్తంలో ఆ మందు పెరిగిపోతుంది. ఐబుప్రోఫెన్ లాంటి నొప్పి బిళ్లలు కూడా పెంచుతాయి. చేతులు బాగా వణకడం, వాంతులు, నడక తూలడం కనిపిస్తే 14416 కాదు, నేరుగా క్యాజువాలిటీకి వెళ్లి లిథియం లెవెల్ చూపించాలి. 1.5 దాటితే ప్రమాదం.

అయ్యప్ప మాల, భవానీ దీక్ష రోజుల్లో ఇంకోటి. ఏళ్ల తరబడి రోజూ తాగే మనిషి మాల వేసుకున్న రోజునుంచి చుక్క ముట్టడు. మంచిదే, కానీ మొదటి రెండు రోజుల్లో ఫిట్స్ రావొచ్చు, రెండో మూడో రోజుకి వణుకు, లేనివి కనపడటం, పొంతన లేని మాటలు మొదలుకావొచ్చు. స్వామి పూనాడని ఇంట్లో దండాలు పెడితే ప్రాణం మీదికొస్తుంది. మాలకి ఓ పది రోజుల ముందే 14416కి ఫోను చేసి ఎలా మానాలో అడగడం ఈ సేవని బాగా వాడుకోవడమే. మొదలయ్యాక అయితే 108.

పురుగుమందు తాగినా, బిళ్లలు ఎక్కువ మింగినా కూడా అంతే, 108. డబ్బా లేబులుతో సహా తీసుకెళ్లాలి, ఉప్పునీళ్లు పట్టి కక్కించకూడదు.

ఈ సేవ అందనిది ఎవరికంటే, ఎంతో అవసరమున్న ఇంటర్ హాస్టల్ పిల్లలకి. 24 గంటల సేవే, కానీ చాలా హాస్టళ్లలో పిల్లల దగ్గర ఫోనే ఉండనివ్వరు. వార్డెన్ గదిలో, వార్డెన్ ఎదురుగా ఏ పిల్లాడు మనసు విప్పుతాడు? ఔటింగ్ రోజున అమ్మానాన్నలు తమ ఫోను ఇచ్చి ఓ అరగంట పక్కకి వెళ్లొచ్చు. పద్దెనిమిది నిండని వాళ్లకి మందులు మొదలుపెట్టాలంటే ఇంట్లోవాళ్ల అంగీకారం కావాలి కాబట్టి, ఆసుపత్రికి వెళ్లమని చెప్పారేమో ఆ ఒక్కటి మాత్రం పిల్లల్ని అడిగి తెలుసుకోండి.